‘పరిధి మేరకు నటించారు’ అని రాసిన అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నువ్వు పంపిన మూడు సినిమా సమీక్షలూ చదివాను. మొదటిదాంట్లో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. కొడుకు ఇల్లు వదిలి వెళ్ళిపోయాక ఆ తల్లి తలుపుకు గొళ్ళెం పెట్టి, తీసి, మళ్ళీ పెట్టిందని రాశావు. హాల్లో అందరూ చూసే ఉంటారు గానీ గమనించినవాళ్ళు తక్కువే అయ్యుంటారు. అంత మంచి సంగతి పట్టుకుని ఆ వెంటనే ఏం రాశావు? ‘తల్లి పాత్రధారి తన పరిధి మేరకు నటించి మెప్పించారు.’ ఒళ్ళు మండిపోయింది. ఆ మంటలోనే ఈ ఉత్తరం.

ఆ పరిధి ఎవరు గీశారమ్మా? ‘పాత్రకు న్యాయం చేశారు’, ‘నిర్మాణ విలువలు ఉన్నతంగా ఉన్నాయి’, ‘సెకండాఫ్‌లో ఎడిటర్ కత్తెరకు పని చెప్పాల్సింది’, ‘ఓసారి చూడొచ్చు’. ఇవన్నీ సినిమా చూడకుండా కూడా రాసెయ్యొచ్చు. ఏ సినిమాకైనా అతుకుతాయి కాబట్టే ఏ సినిమా గురించీ ఏమీ చెప్పవు. నా మొండిపట్టు ఒక్కటే: నచ్చడం, నచ్చకపోవడం అందరికీ ఉంటాయి, ఎందుకో తెరమీద నుంచి సాక్ష్యం తెచ్చేవాడే సమీక్షకుడు. ‘అద్భుతం’ అన్నా, ‘పేలవం’ అన్నా పక్కనే సన్నివేశం కనబడాలి. కనబడకపోతే ఆ మాట కొట్టెయ్. సన్నివేశం సరిగ్గా రాస్తే చాలాసార్లు ఆ మాట అక్కర్లేదు కూడా.

ఆ గొళ్ళెమే తీసుకో. కెమెరా ఎక్కడుంది? ముఖం చూపించారా, చేతులే చూపించారా? చేతులు మాత్రమే చూపిస్తే ఆ మెచ్చుకోలులో సగం దర్శకుడికి పోవాలి. మూడుసార్లూ ఒకే షాట్‌లో జరిగిందా, మధ్యలో కట్ పడిందా? పడకపోతే ఆ తడబాటు ఎంతసేపో నటి తనే నిర్ణయించుకుంది. పడితే ఎడిటర్ చెయ్యి కూడా ఉంది. వెనక బీజీఎం, అంటే నేపథ్య సంగీతం, వస్తోందా, గొళ్ళెం చప్పుడొక్కటే వినబడుతోందా? చప్పుడొక్కటే అయితే, అక్కడ వయొలిన్లు మోగించకుండా ఊరుకోవడం కూడా ఎవరో తీసుకున్న నిర్ణయమే. ఈ నాలుగు ప్రశ్నలకూ జవాబు రాశావంటే నటన, కెమెరా, కూర్పు, సౌండ్ అన్నీ ఒక్క పేరాలో వచ్చేస్తాయి. చివర్లో ‘సాంకేతిక వర్గం’ అని హాజరు పట్టీ చదవక్కర్లేదు. నీ మూడు సమీక్షల్లోనూ ఆ పట్టీ ఉంది. తీసెయ్.

నటన గురించి రాసేటప్పుడు రెండు జాగ్రత్తలు. మొదటిది, గొంతు. మన దగ్గర తెరమీద ముఖం ఒకరిది, గొంతు మరొకరిది కావడం మామూలు. ‘డైలాగ్ డెలివరీ అదిరింది’ అని రాసేముందు డబ్బింగ్ ఎవరు చెప్పారో టైటిల్స్‌లో చూసుకో. రెండోది, ఆ ముఖానికి ముందూ వెనకా ఏం చూపించారన్నది. రష్యన్ దర్శకుడు కులెషోవ్ సుమారు వందేళ్ళ కిందట ఒక నటుడి ముఖాన్ని ఒకే షాట్ తీసుకుని ఓసారి సూప్ గిన్నె పక్కన, ఓసారి శవపేటిక పక్కన, ఓసారి ఒక స్త్రీ బొమ్మ పక్కన అతికించి చూపించాడంటారు. ముఖం మారలేదు, చూసినవాళ్ళకు మాత్రం ఆకలి, దుఃఖం, మోహం కనబడ్డాయట. ‘కళ్ళతోనే నటించాడు’ అని రాయబుద్ధేసినప్పుడల్లా ఆ కళ్ళు ఎటు చూశాక ఏ షాట్ పడిందో గుర్తుచేసుకో.

ఇక ‘ల్యాగ్’. మూడో సమీక్షలో ఆ మాట ఐదుచోట్ల ఉంది. వైద్యుడు ‘ఒంట్లో బాలేదు’ అని చీటీ రాసిస్తే ఊరుకుంటావా? ఎక్కడ, ఎందుకని అడుగుతావు. ల్యాగ్‌కీ కారణాలుంటాయి, అవి వేరువేరుగా ఉంటాయి. మనకు ముందే తెలిసిపోయిన విషయాన్ని ఒక పాత్ర ఇంకో పాత్రకు మొత్తం చెప్పడం ఒకటి. చాలా సినిమాల్లో సెకండాఫ్ మొదటి ఇరవై నిమిషాలు చతికిలబడేది ఫ్లాష్‌బ్యాక్ వల్ల. అదీ, ఇంటర్వెల్‌కే మనం ఊహించేసిన ఫ్లాష్‌బ్యాక్ అయితే మరీను. హీరోకి ఏం కావాలో తెలియకపోవడం ఇంకొకటి. అప్పుడు ఫైట్లు ఎన్ని పెట్టినా కథ కాలు కదపదు. సన్నివేశంలో పని అయిపోయాక కూడా అందులోనే ఉండిపోవడం మరొకటి: ఫోన్ పెట్టేశాడు, లేచాడు, తలుపు దాకా నడిచాడు, చెప్పులేసుకున్నాడు. పరీక్ష సులువే. ఆ సన్నివేశం మనసులో తీసేసి చూడు. తర్వాతి సన్నివేశం అర్థం కావడంలోగానీ, దాని బరువులోగానీ ఏ లోటూ రాకపోతే అది అదనం. లోటు వస్తే, నీకు విసుగు పుట్టించింది ఇంకేదో, అది వెతుకు.

ఈ పాపమంతా ఎడిటర్ నెత్తిన పెట్టకు. అతనికి ఎంత ఫుటేజ్ ఇచ్చారో, ఏ పాట తియ్యొద్దన్నారో నీకు తెలియదు. నిడివి మీద ఆఖరి మాట చాలాసార్లు అతనిది కానే కాదు. ఎక్కువగా రోగం స్క్రిప్టులోనే ఉంటుంది. నెమ్మదిగా నడవడం వేరు, సాగదియ్యడం వేరు అన్నది కూడా తేల్చుకుని రాయి. నెమ్మదిలో నీ చూపుకి పని ఉంటుంది, సాగతీతలో ఉండదు.

కెమెరా గురించి ‘కనులపండువగా ఉంది’ అన్నావు. కొండలూ సముద్రమూ అందంగా ఉంటే అది కొండల గొప్ప. వెలుగు ఎటునుంచి వస్తోంది, ఎవరి మీద పడుతోంది, ఎవరిని చీకట్లో వదిలేసింది, అది చూడు. 1957లో వచ్చిన మాయాబజార్‌లో పడవ పాట వెన్నెలను ఇప్పటికీ తలుచుకుంటున్నామంటే, అది చంద్రుడి చలవ కాదు, ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ పనితనం. ఈ రోజుల్లో రంగుల్లో చాలా భాగం షూటింగ్ అయ్యాక, కంప్యూటర్ మీద రంగులు సరిచేసే డీఐ దశలో కూడా దిద్దుతారు, అదీ మనసులో పెట్టుకో.

సంగీతం విషయంలో పాటలు వదిలేసి బీజీఎం వినడం నేర్చుకో. ఎక్కడ మొదలైంది, ఎక్కడ ఆగింది అన్నవి రెండూ చెవిన పడితే సగం తెలిసినట్టే. 1960 నాటి సైకో సినిమాలో షవర్ సన్నివేశానికి సంగీతమే వద్దనుకున్నాడు దర్శకుడు హిచ్‌కాక్. సంగీత దర్శకుడు బెర్నార్డ్ హెర్మన్ తంత్రీవాద్యాలతోనే ఒకటి చేసి వినిపించాక ఒప్పుకున్నాడు. కాబట్టి ‘నేపథ్య సంగీతం పర్వాలేదు’ అనకు. ఏ సన్నివేశంలో, ఏ క్షణంలో, ఏం చేసిందో చెప్పు. హీరోని గొప్పగా చూపించే ఎలివేషన్ షాట్లలో చెవులు దిమ్మెక్కి డైలాగు వినబడకపోతే అది కూడా రాయి. అది మిక్సింగ్ తప్పా, ఆ హాలు తప్పా అన్నది రెండోచోట చూస్తేగానీ తేలదు.

చూడటం ఎలాగని అడిగావు. ట్రైలర్, టీజర్, ఇంటర్వ్యూలు ముందు చూడకు. హాల్లో తెర నుంచి వెనక గోడ దాకా ఉన్న దూరంలో మూడింట రెండు వంతుల దగ్గర, నడిమధ్యన కూర్చో. సౌండ్ కొలిచి సరిచేసేది దాదాపు ఆ చోటునుంచే. ఫోన్‌లో రాయకు, ఆ వెలుతురు నీ కళ్ళకీ పక్కవాళ్ళకీ చేటు. అరచేతిలో పట్టే నోట్‌బుక్, పెన్సిల్ పట్టుకెళ్ళు. చీకట్లో గీతల మీద రాయలేవు గనక ఒక్కో పేజీకి ఒక్కో సంగతి, పెద్ద అక్షరాలతో రెండు మూడు మాటలు, పేజీ తిప్పెయ్. పేజీ ఆదా చెయ్యాలని చూస్తే ఒకదాని మీద ఒకటి పడి ఏదీ చదవలేవు. బయటికొచ్చాక అరగంటలోపు వాటిని పూర్తి వాక్యాలు చెయ్; మర్నాటికి ‘ఎర్ర చీర, కిటికీ’ అంటే ఏమిటో నీకే తెలియదు. ఆ పని అయ్యేదాకా స్నేహితులతో సినిమా గురించి మాట్లాడకు. వాళ్ళ మాట నీ మాటలో కలిసిపోతుంది, విడదియ్యలేవు.

కథ చెప్పడానికి ఆరువందల మాటల సమీక్షలో వంద మించనివ్వకు, సినిమా మొదటి పావుభాగం దాటి వెళ్ళకు. ‘క్లైమాక్స్‌లో ఊహించని ట్విస్ట్ ఉంది’ అని రాయడం కూడా గుట్టు విప్పడమే. చదివినవాడు రెండున్నర గంటలూ దాని కోసమే కాచుకుని కూర్చుంటాడు.

రేటింగ్ గురించి అడిగావు. మూడు నక్షత్రాలకీ రెండూ ముప్పావుకీ తేడా ఏమిటో ఇంతవరకూ ఏ సంపాదకుడూ నాకు చెప్పలేదు. అంకె మాత్రం కావాలంటారు, అదీ ఇంటర్వెల్‌లోనే ‘ఫస్టాఫ్ టాక్ ఎలా ఉంది’ అంటూ. చోటు చాలకపోతే ముందు ఎగిరిపోయేది నీ గొళ్ళెం లాంటి వాక్యమే. ‘ఓసారి చూడొచ్చు’ మాత్రం భద్రంగా అచ్చవుతుంది. దీనికి చిన్న ఉపాయం ఉంది. నీకు ముఖ్యమైన సన్నివేశాన్ని చివర పెట్టకు. మొదటి పేరాలోనే, తీసేస్తే తర్వాతి వాక్యం తలాతోకా లేకుండా పోయేలా అల్లు. కత్తిరించేవాళ్ళు కింది నుంచి మొదలెడతారు.

అభిమానులు తిడితే ఏం చెయ్యాలన్న ప్రశ్నకీ, కలం పేరు ప్రశ్నకీ ఇప్పుడు జవాబు రాయను. ముందు మొదటి సమీక్షను నాలుగువందల మాటల్లో తిరగరాసి పంపు. రెండోదాన్ని అలాగే ఉంచు, దాని మీద విడిగా పోట్లాడతాను. ఈలోగా అందులో ఒక తప్పు దిద్దు: కళాదర్శకుడి పేరు రాయాల్సిన చోట ఎడిటర్ పేరు పడింది. టైటిల్స్ పూర్తయ్యేదాకా సీట్లోంచి లేవకు. పేర్లు అక్కడే రాసుకో, పంపేముందు ఒక్కొక్కటీ అక్షరం అక్షరం సరిచూసుకో.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి