టికెట్ ఎక్కడ కొనాలి, ఎక్కడ అమ్మాలి: న్యూజెర్సీకి వస్తున్న తమ్ముడికి

ప్రశ్న: అక్కా, మాది దిల్‌సుఖ్‌నగర్. ఆగస్టులో ఎంఎస్‌కి న్యూజెర్సీ వస్తున్నాను. అక్కడ మ్యాచ్‌లకీ కాన్సర్ట్‌లకీ టికెట్లు ఏ సైట్‌లో కొంటే మంచిది? టికెట్లు కొని ఎక్కువ రేటుకి అమ్మితే నెల ఖర్చులు వెళ్ళిపోతాయని సీనియర్లు అంటున్నారు, నిజమేనా?

తమ్ముడూ, నీ రెండో ప్రశ్నకే ముందు జవాబు చెప్తాను. ఆ పని పెట్టుకోకు. ఎఫ్1 వీసా మీద చదువుకోడానికి వచ్చి, లాభం కోసం పదేపదే కొని అమ్మితే దాన్ని వ్యాపారం అంటారు, వీసా మీదికి వస్తుంది. ఖచ్చితమైన రూల్ ఏంటో మీ యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసుకి ఒక్క మెయిల్ పెడితే చెప్తారు. మనం వెళ్ళలేకపోయిన టికెట్ అమ్ముకోవడం వేరు, అది ఇక్కడ అందరూ చేసేదే.

ఇక కొనడం సంగతి. నేను చెప్పే ప్రతి ముక్కా డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నదే, కాబట్టి కొంచెం ఓపిగ్గా చదువు.

మాది చిక్కడపల్లి. ఇంట్లోంచి నడిస్తే పది నిమిషాల్లో ఆర్టీసీ క్రాస్‌రోడ్స్. కొత్త సినిమా పడిన రోజు హాలు గేటు దగ్గర "బాల్కనీ వందా, బాల్కనీ వందా" అని గొణుక్కుంటూ మన పక్కనుంచి పోయేవాళ్ళని చూస్తూ పెరిగాను. మా అన్నయ్య బేరమాడి ఎనభైకి తెచ్చేవాడు. రేటు ఎక్కువ పెట్టామని అమ్మ తిట్టేది గానీ, టికెట్ దొంగదేమో అన్న భయం మా ఇంట్లో ఎవరికీ ఉండేది కాదు. కౌంటర్లో చింపి ఇచ్చిన ఆ పల్చటి రంగు కాగితం ఒక్కటే ఉంటుంది, అది మన చేతిలో ఉందంటే సీటు మనదే. ఆ లెక్క నా బుర్రలో అలాగే ఉండిపోయింది, అమెరికాలో నన్ను ముంచింది అదే.

2013లో ఎంఎస్‌కి వచ్చాను. 2014లో న్యూయార్క్‌లో జరిగే యూఎస్ ఓపెన్ టెన్నిస్‌లో సానియా మీర్జా ఆడుతోంది. మన హైదరాబాదు అమ్మాయి, మనం రైలెక్కితే చేరే దూరంలో. నాకూ మా రూమ్మేట్‌కీ ఆగలేదు. క్లాసిఫైడ్స్‌లో ఒకతను రెండు టికెట్లు 280 డాలర్లకి పెట్టాడు, న్యూయార్క్ పెన్ స్టేషన్ దగ్గర కలిశాం. మర్యాదగా మాట్లాడాడు, తను కొన్నప్పుడు వచ్చిన మెయిల్ కూడా ఫోన్‌లో చూపించాడు. క్యాష్ ఇచ్చాం, రెండు ప్రింటౌట్లు చేతికిచ్చాడు. బార్‌కోడ్, సెక్షను, వరస, సీటు అన్నీ ఉన్నాయి. నలగకుండా ఫైల్‌లో పెట్టుకుని 7 నంబరు రైలెక్కాం.

గేటు దగ్గర ఒక పెద్దావిడ మిషను పట్టుకుని నిలబడి ఉంది. నా కాగితం మీద లైటు వేసింది, ముందున్న వాళ్ళందరికీ మోగిన చప్పుడు కాకుండా వేరే చప్పుడు వచ్చింది. కాగితాన్ని అరచేత్తో సాపు చేసి మళ్ళీ వేసింది. మళ్ళీ అదే. "ఇది గంట క్రితమే లోపలికి వెళ్ళిపోయిందమ్మా" అంది. మా రూమ్మేట్ కాగితానికీ అదే మాట. ఒకే పీడీఎఫ్‌ని అతను ఎంతమందికి ప్రింటు తీసి ఇచ్చాడో, ముందు వచ్చినవాళ్ళు లోపల ఉన్నారు, మేము బయట. లోపల నుంచి చప్పట్లు వినబడుతున్నాయి. వెనక లైను పెరుగుతోందని మమ్మల్ని పక్కకి జరగమన్నారు.

అప్పట్లో డాలరు 60 రూపాయల పైన, అంటే పదహారు వేలు దాటిన డబ్బు. అంతకన్నా నన్ను ఏడిపించిన లెక్క ఇంకొకటుంది. అప్పుడు న్యూజెర్సీలో కనీస వేతనం గంటకి 8.25 డాలర్లు, క్యాంపస్ లైబ్రరీలో నాకు వచ్చేదీ అంతే, వారానికి 20 గంటలకి మించి చేయనివ్వరు. 280 అంటే 34 గంటలు, దాదాపు రెండు వారాలు పుస్తకాలు సర్దిన కష్టం. ఇంటికి ఫోన్ చేసి మ్యాచ్ బాగుందని అబద్ధం చెప్పాను. ఇంకో సంగతి తర్వాత తెలిసింది: తొలి రౌండ్ల డబుల్స్ ఎక్కువగా బయటి కోర్టుల్లోనే వేస్తారు, వాటికి గ్రౌండ్స్ పాస్, అంటే పెద్ద స్టేడియం సీటు లేకుండా ఆవరణలోకి వెళ్ళనిచ్చే టికెట్ సరిపోతుంది, ఎవరు ఏ కోర్టులో ఆడేదీ ముందు రోజు గానీ ప్రకటించరు. పెద్ద స్టేడియం సీటు నాకు అసలు అవసరమే లేదు. ఆ టోర్నీలోనే ఆమె బ్రూనో సోరెస్‌తో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ గెలిచింది, నేను గదిలో లాప్‌టాప్‌లో చూశాను.

అందుకే చెప్తున్నా, సైటు పేరు అడిగేముందు ఆ ఈవెంట్ టికెట్లు అసలు ఎవరు అమ్ముతున్నారో చూడు. స్టేడియం సొంత వెబ్‌సైట్‌కి వెళ్ళి అక్కడున్న టికెట్ల లింకు నొక్కు, గూగుల్‌లో పైన వచ్చే యాడ్ నొక్కకు. చాలా వాటికి టికెట్‌మాస్టర్, కొన్నింటికి ఏఎక్స్ఎస్, కొన్ని టీములకి సీట్‌గీక్. వీటిలో అసలు టికెట్లు అయిపోయినా అక్కడే రీసేల్, అంటే కొన్నవాళ్ళు తిరిగి అమ్మడం ఉంటుంది. ఎవరో అమ్మిన టికెట్ నువ్వు అక్కడే కొంటే పాత బార్‌కోడ్ రద్దయి నీ అకౌంట్‌లో కొత్తది వస్తుంది. నా 280 డాలర్లు కాపాడగలిగేది ఆ ఒక్క పద్ధతే. ఇప్పుడు టికెట్‌మాస్టర్‌లో చాలా ఈవెంట్లకి ఫోన్‌లో బార్‌కోడ్ కొన్ని సెకన్లకోసారి మారుతూ ఉంటుంది, ఎవరైనా స్క్రీన్‌షాట్ పంపిస్తానంటే అక్కడితో మాటలు ఆపెయ్.

స్టబ్‌హబ్, వివిడ్ సీట్స్, టిక్‌పిక్ లాంటివి బయటి మార్కెట్లు, అంటే ఎవరో కొన్న టికెట్లని తిరిగి అమ్ముకునే సైట్లు. 2024 సెప్టెంబరులో కోల్డ్‌ప్లే ముంబై టికెట్లు బుక్‌మైషోలో క్షణాల్లో అయిపోయి వయాగోగో అనే అలాంటి సైట్‌లోనే లక్షల్లో కనబడ్డాయి, గుర్తుందా? దానితో మాకు సంబంధం లేదని బుక్‌మైషో ప్రకటించాల్సి వచ్చింది. ఆ వయాగోగోనే 2020లో స్టబ్‌హబ్‌ని 405 కోట్ల డాలర్లకి కొంది. ఇవన్నీ దొంగ సైట్లని నేను అనడం లేదు, నేనూ వాడతాను. కానీ వీటి గ్యారంటీ అంటే ఏంటో తెలుసుకుని వాడు. అమ్మినవాడు టికెట్ పంపకపోతే వేరేదిస్తారు, లేదా డబ్బు తిరిగిస్తారు. గేటు దగ్గర నిలబడ్డ సాయంత్రాన్ని ఎవరూ తిరిగివ్వరు. కొందరు చేతిలో టికెట్ లేకుండానే అమ్మకానికి పెడతారు, రేటు తగ్గాక కొని పంపిద్దామని. తగ్గలేదా, ఆఖరి నిమిషంలో చేతులెత్తేస్తారు. వెంటనే ట్రాన్స్‌ఫర్ అని రాసి ఉన్నవే కొను.

రేటు ఎప్పుడూ చివరి మొత్తమే చూడు. నేను వచ్చిన కొత్తలో 60 అని చూపించి, కార్డు నంబరు కొట్టేసరికి ఫీజులన్నీ కలిపి 84 చేసేవాళ్ళు. న్యూయార్క్‌లో 2022 నుంచీ, దేశమంతా 2025 మే నుంచీ మొత్తం రేటు ముందే చూపించాలన్న రూల్ వచ్చింది. అయినా రెండు మూడు సైట్లలో అదే సెక్షను, అదే వరస తెరిచి పోల్చు, ఒకే సీటుకి ఇరవై డాలర్ల తేడా నేను ఎన్నోసార్లు చూశాను. బేస్‌బాల్ అయితే ఒక్కో టీముకి సొంత గ్రౌండ్‌లోనే సీజన్‌కి 81 మ్యాచ్‌లు, మామూలు రోజు మ్యాచ్‌కి మధ్యాహ్నం దాకా ఆగితే రేటు దానంతట అదే దిగుతుంది. మీ కుర్రాళ్ళకి ఆ ఓపిక ఉండదు, అందరూ వెళ్తున్నారని మూడు నెలల ముందే కొనేస్తారు.

డబ్బు మాత్రం క్రెడిట్ కార్డుతోనే కట్టు. తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో "అన్నా రెండు టికెట్లున్నాయి, జెల్ చెయ్" అంటారు. జెల్ అంటే బ్యాంకు అకౌంట్ నుంచి నేరుగా ఇంకొకరికి డబ్బు పంపే పద్ధతి. మనవాళ్ళే కదా అనిపిస్తుంది. జెల్‌లో మనంతట మనమే పంపిన డబ్బు పోతే పోయినట్టే, కార్డు అయితే బ్యాంకుకి కంప్లయింట్ పెట్టి వెనక్కి అడగొచ్చు. బాగా తెలిసినవాళ్ళైనా ముందు టికెట్‌ని నీ అకౌంట్‌కి ట్రాన్స్‌ఫర్ చేయమను, నువ్వు యాక్సెప్ట్ చేశాక డబ్బు పంపు. ఇలా అడిగితే కోప్పడేవాళ్ళ దగ్గర అసలు కొనొద్దు.

అమ్మడంలోనూ నాకు దెబ్బ తగిలింది. 2015 నవంబరులో సచిన్, షేన్ వార్న్ టీములు న్యూయార్క్‌లోని సిటీ ఫీల్డ్ అనే బేస్‌బాల్ స్టేడియంలో క్రికెట్ ఆడాయి. స్నేహితుల కోసమని నా కార్డు మీద నాలుగు టికెట్లు కొన్నాను, ఒక్కొక్కటి ఫీజులతో 110. ఇద్దరు రామన్నారు. మిగిలిన రెండింటినీ ఒక సైట్‌లో 120కి పెట్టి కూర్చున్నాను, క్రికెట్ కదా, మనవాళ్ళు ఎగబడతారని. నాలాగే వందలమంది పెట్టారు. మ్యాచ్ రోజు పొద్దున ఒక్కోటి 45కి వదిలించుకుంటే, సైటు 15 శాతం కోసుకుని ఒక్కోదానికి 38 చిల్లర ఇచ్చింది, అదీ మ్యాచ్ అయిపోయిన పది రోజులకి. ఈలోగా నా కార్డు బిల్లు గడువు వచ్చేసింది. కాబట్టి వెళ్ళలేవని తెలిసిన రోజే, నీకు పడినదానికన్నా కొంచెం తక్కువకే పెట్టెయ్. కొన్న సైట్‌లోనే అమ్మడం సులువు. వేరే వాళ్ళ కోసం కొనాల్సి వస్తే వాళ్ళ వాటా చేతికొచ్చాకే బటన్ నొక్కు, ఎంత దగ్గరివాళ్ళైనా సరే. ఇవాళ నాకు ఎడిసన్‌లో సొంతిల్లు ఉంది, ఇప్పటికీ ఈ నియమం తప్పను.

ఇంకో దేశానికి వెళ్ళే మీ స్నేహితులుంటే అక్కడి చట్టం చూసుకోమను. ఐర్లండ్‌లో పెద్ద ఈవెంట్ల టికెట్లని అసలు ధర కన్నా ఎక్కువకి అమ్మడం 2021 నుంచి నేరం.

నువ్వు ఆగస్టులో వస్తున్నావు కాబట్టి ఒకటి చెప్తాను. యూఎస్ ఓపెన్ అసలు టోర్నీకి ముందు వారం, అందులో చోటు కోసం క్వాలిఫయింగ్ మ్యాచ్‌లు ఆడతారు, వాటికి లోపలికి వెళ్ళడం ఉచితం. ఏ సైటూ వద్దు, ఏ టికెట్టూ కొననక్కర్లేదు, పెద్ద పెద్ద ప్లేయర్లు ప్రాక్టీసు చేస్తుంటే కంచె పక్కన నిలబడి చూడొచ్చు. 7 నంబరు రైలు, మెట్స్–విల్లెట్స్ పాయింట్‌లో దిగు. బ్యాక్‌ప్యాక్ తేకు, లోపలికి రానివ్వరు. తినడానికి ఇంటి దగ్గరే తిని బయల్దేరు, లోపల రేట్లు చూస్తే కడుపు మండుతుంది.