బీఏ ఫీజు కంటే ఆ తర్వాతి ఎదురుచూపే ఖరీదు

ప్రశ్న: మాది జగిత్యాల జిల్లా. మా అమ్మాయి ఇంటర్ హెచ్‌ఈసీ మంచి మార్కులతో పాసైంది. డిగ్రీలో హిస్టరీ చదివి, బీఎడ్ చేసి, హైస్కూల్లో సోషల్ టీచర్ అవుతానని పట్టుబట్టి కూర్చుంది. మా వారిది ప్రైవేటు ఉద్యోగం, నేను ఇంట్లో బట్టలు కుడతాను. ఖర్చులన్నీ పోను నెలకు 4,000 మిగులుతాయి. ఫీజు రీయింబర్స్‌మెంట్ మాకు రాదు. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు కాలేజీ వాళ్లు డిగ్రీతో పాటే కోచింగ్ కూడా ఇస్తామంటూ హాస్టల్‌తో కలిపి ఏడాదికి 90,000 అడుగుతున్నారు. నా బంగారం కుదువ పెట్టాలా, సుకన్య ఖాతాలో ఉన్న 1,60,000 తీయాలా, బ్యాంకు లోన్‌కు వెళ్లాలా? చుట్టాలేమో హిస్టరీతో ఏమొస్తుంది, బీకామ్ కంప్యూటర్స్‌లో చేర్చమంటున్నారు. ఏం చేయాలో తోచక టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందుగా ఒక మాట. టీచర్ అవుతానని పదిహేడేళ్లకే తేల్చుకున్న పిల్లను ఆపకండి. మీ దగ్గర ఉన్న డబ్బుతోనే ఆమెను చదివించవచ్చు. కానీ మీరు అడిగిన మూడు దారుల్లో ఏదీ ఇప్పుడు వద్దు.

మీరు బీఏ ఖర్చు గురించే ఆలోచిస్తున్నారు. అసలు ఖర్చు అక్కడ లేదు. ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో బీఏ ఫీజు ఏడాదికి వేలల్లోనే ఉంటుంది, లక్షల్లో కాదు. ప్రవేశ పరీక్ష ర్యాంకుతో కన్వీనర్ కోటాలో సీటు వస్తే బీఎడ్ కూడా మీకు అందేదే. చేతిలో బీఎడ్ పట్టా ఉండి, ప్రభుత్వ టీచర్లను భర్తీ చేసే డీఎస్సీ నోటిఫికేషన్ రాని కాలం ఉంటుంది చూడండి, కుటుంబాలు చితికిపోయేది అక్కడ. తెలంగాణలో 2017లో 8,792 టీచర్ పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. తర్వాత 2023లో 5,089 పోస్టులకు ఇచ్చింది రద్దయి, 2024 ఫిబ్రవరిలో 11,062 పోస్టులకు మళ్లీ ఇచ్చారు. అంటే నిలిచిన రెండు నోటిఫికేషన్ల మధ్య ఆరేళ్లకు పైనే. 2018లో బీఎడ్ ముగించిన అమ్మాయి పరిస్థితి ఒకసారి ఊహించండి.

ఆ 11,062లో కూడా అన్ని సబ్జెక్టులకూ కలిపి స్కూల్ అసిస్టెంట్ (హైస్కూల్ టీచర్) పోస్టులు 2,629 మాత్రమే. స్కూల్ అసిస్టెంట్ పోస్టుల్లో 70 శాతం ఎస్జీటీల (ప్రాథమిక తరగతుల టీచర్ల) ప్రమోషన్లతో నింపుతారు, నేరుగా భర్తీ చేసేవి 30 శాతమే. మీ అమ్మాయిని భయపెట్టడానికి ఈ లెక్క చెప్పడం లేదు. డబ్బు ఏ సంవత్సరానికి సిద్ధంగా ఉండాలో తెలియాలంటే ఇది తెలియాలి కదా.

నా దగ్గరకు వచ్చిన ఒక అమ్మాయి సంగతి ఇప్పటికీ మర్చిపోలేను. బీఎడ్ మేనేజ్‌మెంట్ సీటుకూ హాస్టల్‌కూ కలిపి రెండేళ్లలో 2 లక్షలు ఎడ్యుకేషన్ లోన్ తీసుకుంది. కోర్సు అయ్యాక ఏడాది వరకు వాయిదా కట్టనక్కర్లేదన్నారు, నిజమే. కానీ వడ్డీ ఆగదు కదా. పదిన్నర శాతం చొప్పున ఆ మూడేళ్లలో 52,500 వడ్డీ చేరి అప్పు రెండున్నర లక్షలు దాటింది. ఏడేళ్లకు లెక్కేస్తే నెలకు 4,250 దాకా ఈఎంఐ. ఆమెకు ప్రైవేటు స్కూల్లో వచ్చేది 9,000. బ్యాంకు పాస్‌బుక్ నా టేబుల్ మీద పెట్టి, ఈఎంఐ పడిన ప్రతి లైన్ పక్కనా పెన్సిల్‌తో గీసిన చిన్న టిక్కులు చూపించింది. ఇంకా ఎన్ని టిక్కులు మిగిలాయో ఆమెకు నోటికి వచ్చు. సాయంత్రం కూర్చుని చదువుకోవాల్సిన పిల్ల, ఈఎంఐ కోసం ట్యూషన్లు చెబుతూ తిరిగింది. అందుకే లోన్ వద్దంటున్నాను. సంపాదన ఎప్పుడు మొదలవుతుందో తెలియని చదువుకు, తేదీ ప్రకారం కట్టాల్సిన అప్పు సరిపడదు.

బంగారం మాట కూడా అంతే. దాన్ని కుదువ పెట్టేది ఆ హైదరాబాద్ కాలేజీ కోసమే కదా, ఏడాదికి 90,000 చొప్పున మూడేళ్లకు 2,70,000. డిగ్రీ మొదటి ఏడాదిలో డీఎస్సీ కోచింగ్ ఎందుకో నాకు అర్థం కాదు. ఆమె పరీక్ష రాసేది కనీసం ఐదేళ్ల తర్వాత, ఈలోగా సిలబస్ మారవచ్చు, పాఠ్యపుస్తకాలు మారవచ్చు. ఇంటి నుంచి బస్సులో వెళ్లిరాగలిగిన ప్రభుత్వ డిగ్రీ కాలేజీ చూడండి. డిగ్రీ సీట్లకు ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసే దోస్త్‌లో మొదటి ఆప్షన్‌గా అదే పెట్టండి.

ఆప్షన్లు పెట్టేటప్పుడు ఒక్క విషయంలో మాత్రం గట్టిగా ఉండండి. పైసా ఖర్చు లేని జాగ్రత్త ఇది, తప్పితే మాత్రం ఏళ్లు పోతాయి. హిస్టరీ ఒక్కటే ఉంటే సోషల్ టీచర్ పోస్టుకు చాలదు. డిగ్రీలో దానితో పాటు జాగ్రఫీ, ఎకనామిక్స్, పొలిటికల్ సైన్స్ లాంటి మరో సోషల్ సబ్జెక్టు ఉండాలి, బీఎడ్‌లో సోషల్ మెథడాలజీ (ఆ సబ్జెక్టు బోధించే పద్ధతి) ఉండాలి. కేంద్రీయ విద్యాలయాల్లో టీజీటీ (హైస్కూల్ టీచర్) సోషల్‌కు కూడా రెండు సబ్జెక్టులు అడుగుతారు, అందులో ఒకటి హిస్టరీ గానీ జాగ్రఫీ గానీ అయి ఉండాలి. కాబట్టి హిస్టరీ, ఎకనామిక్స్, పొలిటికల్ సైన్స్ ఉన్న గ్రూపు అయితే ఆమెకు రెండు తలుపులూ తెరిచే ఉంటాయి. నాలుగేళ్ల బీఏ బీఎడ్ కోర్సు కూడా ఉంది. జాతీయ స్థాయి ప్రవేశ పరీక్ష రాయాలి, సీట్లు తక్కువ. వస్తే ఒక ఏడాది మిగులుతుంది, అంటే ఒక ఏడాది ఖర్చు తగ్గి, సంపాదన ఒక ఏడాది ముందే మొదలవుతుంది. రాసి చూడమనండి.

ఇక మీ 4,000 లెక్క. అందులో 1,500 ఆమె ఫీజు, బస్‌పాస్, పుస్తకాలకు ఉంచండి. మిగతా 2,500 పోస్టాఫీసులో ఐదేళ్ల ఆర్డీ (నెలనెలా కట్టే డిపాజిట్) కట్టండి. ఇప్పుడున్న 6.7 శాతం వడ్డీతో ఐదేళ్ల తర్వాత సుమారు 1,78,000 చేతికొస్తాయి. మూడేళ్ల డిగ్రీ, రెండేళ్ల బీఎడ్ ముగిసే సమయానికే ఆ ఆర్డీ కూడా పూర్తవుతుంది. నెలకు 7,000 చొప్పున తీసుకుంటే దాదాపు రెండేళ్లు ఆమె ఎవరి ముందూ చేయి చాచకుండా చదువుకోవచ్చు. మధ్యలో ఏ పెళ్లికో పండక్కో ఈ డబ్బు తీయనని మీ వారితో కూర్చుని ఇప్పుడే అనుకోండి. ఈ ఆర్డీ పుస్తకం మీ అమ్మాయికి చూపించండి కూడా, ఇది నీ ప్రిపరేషన్ డబ్బు అని.

సుకన్య ఖాతాను బీఎడ్ దాకా కదిలించకండి. పద్దెనిమిదేళ్లు నిండాక లేదా పదో తరగతి పాసయ్యాక పై చదువుకు తీసుకోవచ్చు గానీ, అంతకు ముందు ఆర్థిక సంవత్సరం చివర ఉన్న నిల్వలో సగం వరకే, అదీ అడ్మిషన్ కాగితం, ఫీజు రసీదు చూపితే ఆ ఫీజు మేరకే ఇస్తారు. మీ లెక్కన సుమారు 80,000 వస్తుంది. కన్వీనర్ కోటా బీఎడ్ ఫీజుకు అది అక్కరకొస్తుంది. ఖాతా ఆగిపోకుండా ఏడాదికి కనీసం 250 వేస్తూ ఉండండి.

బీఎడ్ చివరి ఏడాదిలో ఉండగానే టెట్ (టీచర్ అర్హత పరీక్ష) రాయించండి. ఒకసారి పాసైతే జీవితాంతం చెల్లుతుంది. పైగా డీఎస్సీలో 20 శాతం వెయిటేజీ టెట్ మార్కులదే, కాబట్టి పాసయ్యాక కూడా మార్కులు పెంచుకోవడానికి మళ్లీ రాయడం మంచిది. ప్రైవేటు స్కూల్లో చేరితే హైస్కూల్ తరగతులు ఇచ్చే చోట చేరమనండి, జీతం వెయ్యి తక్కువైనా సరే. ఏడో తరగతి పిల్లలకు కాకతీయుల పాఠం చెబుతూ చదివింది పరీక్ష హాల్లో మర్చిపోరు.

ఒకవేళ అంతకాలం ఆగలేమనిపిస్తే మరో దారి ఉంది. ఇంటర్ తర్వాత డీఈఈసెట్ ప్రవేశ పరీక్ష రాసి డైట్‌లో (ప్రభుత్వ టీచర్ శిక్షణ సంస్థలో) రెండేళ్ల డీఎడ్ చేస్తే ఎస్జీటీ పోస్టులకు అర్హత వస్తుంది. 2024లో ఆ పోస్టులు 6,508. ఉద్యోగంలో చేరాక డిగ్రీ, బీఎడ్ పూర్తి చేసుకుని స్కూల్ అసిస్టెంట్ సోషల్‌కు ప్రమోషన్ మీద వెళ్లినవాళ్లు చాలామంది ఉన్నారు. బీఎడ్ వాళ్లు ప్రాథమిక తరగతులకు అర్హులు కారని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పాక ఈ దారి విలువ పెరిగింది. మీ ఇంట్లో సంపాదన ఇంకాస్త తక్కువై ఉంటే నేను దీన్నే ముందు చెప్పేవాడిని. మీకు నెలకు 4,000 మిగులుతోంది, పిల్ల మనసు హిస్టరీ మీద ఉంది. బీఏకే నా ఓటు.

చుట్టాలకు చెప్పడానికి ఒక అంకె. ప్రస్తుత స్కేలు ప్రకారం తెలంగాణలో స్కూల్ అసిస్టెంట్ మూల వేతనం 42,300 దగ్గర మొదలవుతుంది, దాని మీద డీఏ, హెచ్‌ఆర్‌ఏ. సీపీఎస్ (పెన్షన్ పథకం) కింద పది శాతం కోత ఉంటుంది, ప్రభుత్వం కూడా అంతే కలుపుతుంది. 2024 డీఎస్సీకి వయోపరిమితి 46 ఏళ్లు. మీ అమ్మాయి బీఎడ్ అయ్యేసరికి ఇరవై మూడు దాటదు.

దోస్త్ ఆప్షన్లు పెట్టే ముందు ఆ ప్రభుత్వ కాలేజీకి మీరిద్దరూ ఒకసారి వెళ్లి, హిస్టరీ లెక్చరర్ పోస్టు ఖాళీగా ఉందా, ఈ ఏడాది గ్రూపు నడుస్తుందా అని అడిగి రండి. వచ్చేటప్పుడు దారిలో పోస్టాఫీసు దగ్గర ఆగండి. ఆధార్, పాన్, రెండు ఫొటోలు, 2,500 తీసుకెళ్తే ఆ రోజే ఆర్డీ మొదలుపెట్టవచ్చు.