పార పట్టే ముందు గొడుగు పట్టండి

చిరంజీవి మేనల్లుడికి మావయ్య దీవెనలు.

మీ కుర్రాళ్లంతా కలిసి మహేంద్రగిరి వైపు కొండల్లో సైకిళ్లకీ నడకకీ బాట వేస్తామని రాశావు. సంతోషం. పర్లాకిమిడిలో ఆదివారం పూట ఫోను పక్కన పెట్టి పార పట్టేవాళ్లు పదిమంది దొరకడమే గొప్ప.

అయితే పార ఇప్పుడే వద్దు. గట్టి వాన పడుతున్న రోజు గొడుగు వేసుకుని, మీరు అనుకున్న చోటంతా నడవండి. నీళ్లు ఎటునుంచి వచ్చి ఎటు పోతున్నాయో చూడండి. నాకు ఈ మాట చెప్పినవాళ్లు లేరు. ముప్పయ్యేళ్ల వయసులో ఊరి వెనక కొండకు నిట్టనిలువుగా బాట కొట్టి, దగ్గర దారి వేశామని మురిసిపోయాం. శ్రావణంలో నాలుగు వానలు పడేసరికి బాట కాస్తా గెడ్డ అయింది. మోకాలి లోతున కోసేసి, ఆ మట్టంతా కింద ఒకాయన చోడి చేలో మేట వేసింది. ఆయన తిట్టిన తిట్లు ఇప్పటికీ గుర్తే. న్యాయమైన తిట్లు.

అందుకే బాట కొండకు అడ్డంగా, మెలికలు తిరుగుతూ ఎక్కాలి. కొండ వాలులో సగానికి మించి బాటకు వాలు ఉండకూడదు. కొండ 10 అడుగులకు 3 అడుగులు లేస్తుంటే, బాట అదే దూరంలో అడుగున్నర దాటకూడదన్నమాట. దాటితే నీళ్లు బాటకు అడ్డంగా పోవు, బాట వెంటే పరుగెడతాయి. మొత్తమ్మీద 10 అడుగులకు ఒక అడుగు చొప్పున ఎక్కితే మంచిది, నాలాంటి వాడి మోకాళ్లకూ హాయి. కొలవడానికి తాపీమేస్త్రి వాడే నీళ్ల ట్యూబు చాలు. ఫోనులో యాప్ ఉందంటావు, సరే, రెండూ పెట్టి చూడు.

కొండ వైపు బాగా లోపలికి కోసి, బాట మొత్తం గట్టినేల మీద ఉండేలా తవ్వండి. తవ్విన మట్టినే అంచున పోసి వెడల్పు చేస్తే అది వానకు జారిపోతుంది. ఆ మట్టిని దూరంగా వెదజల్లేయండి. మూడడుగుల బాటకు లోయ వైపు అంచు సుమారు రెండంగుళాలు దిగి ఉండాలి. అక్కడక్కడ బాటను కాస్త దించి మళ్లీ ఎత్తితే ఆ పల్లంలోంచి నీళ్లు పక్కకు పోతాయి. సైకిళ్ల వాళ్లకు అక్కడ ఊయల ఊగినట్టు సరదా కూడా.

అటవీశాఖ కాగితం చేతిలో లేకుండా ఒక్క కొమ్మ కూడా నరకొద్దు. దానికన్నా ముందు ఆ కొండల్లోని సవర గిరిజనుల ఊళ్లకు వెళ్లి పెద్దలతో కూర్చోండి. వాళ్ల పాత కాలిబాటలు చూస్తే కొత్తగా తవ్వాల్సింది ఎంత తక్కువో తెలుస్తుంది. ఏదైనా చోటు వద్దంటే కారణం అడక్కుండా వదిలేయండి. గిడుగు రామమూర్తి పంతులు గారు మన ఊళ్లో పాఠాలు చెబుతూనే సవర భాష నేర్చుకున్నారు. మీకు పది మాటలైనా రావా?

పనిలో మనిషికీ మనిషికీ పది అడుగుల ఎడం ఉండాలి. రాయి ఎత్తేటప్పుడు దాని అడుగు మీ వైపు తెరుచుకోకూడదు. తేళ్లుంటాయి.

అసలు కష్టం రెండో ఏడాది మొదలవుతుంది. మొదటిసారి ఫొటోలకు ఇరవైమంది వస్తారు, తర్వాత పూడిక తీయడానికి నలుగురు మిగులుతారు. ఆ నలుగురినీ ఇప్పుడే చూసి పెట్టుకో. సైకిళ్లు తిరిగేకొద్దీ లోయ వైపు అంచున మట్టి గట్టులా లేస్తుంది, దాన్ని చెక్కేయకపోతే నీళ్లు బాట మీదే నిలుస్తాయి. బాట బురదగా ఉన్నప్పుడు సైకిలు ఎక్కనివ్వకండి, అలిగినా సరే. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినట్టు తుపాను వస్తే చెట్లు అడ్డం పడతాయి, కాబట్టి రంపం ఒకటి ఎప్పుడూ ఉండాలి.

కార్తీకంలో వస్తాను. అప్పటికి నేలలో ఇంకా తడి ఉంటుంది, తవ్వకం తేలిక. నా పాత పారలు రెండూ అటక మీదున్నాయి. ఒకదానికి కామ విరిగింది, వడ్రంగికి ఇచ్చి వేయించు.

ఇట్లు,
మీ మావయ్య