కాలనీ సంఘం పెట్టబోతున్న అమ్మాయికి

చిరంజీవి సౌభాగ్యవతికి పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

మీ కాలనీలో మహిళా సంఘం పెట్టి, ఇళ్లల్లో వృథాను తగ్గించే పని తలకెత్తుకున్నానంటూ నీవు రాసిన ఉత్తరం అందింది. మొదట అవగాహన సదస్సు జరుపుతామన్నావు. ఇరవై ఏళ్లు ఈ పనిలో ఉన్నదాన్ని కనుక చెబుతున్నాను, సదస్సు మానుకో. వచ్చేవారు ఎలాగూ పొదుపరులే, రావలసినవారు రారు. పైగా ఆనాడు టీ కూడా కాగితపు కప్పుల్లోనే పోస్తారు. మేమూ అలాగే పోశాము.

ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లను, గ్లాసులను, చెంచాలను 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధించారు. అయినా సీమంతానికో సత్యనారాయణ వ్రతానికో నూరుమందిని పిలిచిన ఇల్లాలు ఆ పూటకు కంచాలు ఎక్కడ దొరుకుతాయా అని చూసుకుంటుంది గాని, చట్టాన్ని తలుచుకుంటూ కూర్చోదు. ఆ కంచాలను ఆమె గుమ్మం దగ్గరకు చేర్చడమే సంఘం పని. సిద్దిపేటలో శుభకార్యాలకు స్టీలు కంచాలు, గ్లాసులు వాడుకోవడానికిచ్చే స్టీల్ బ్యాంకులు పెట్టింది ఇందుకే.

నూట యాభై కంచాలు, అంతకు రెట్టింపు గ్లాసులు, గరిటెలు, బేసిన్లు ఉంటే మొదలుపెట్టవచ్చు. మేము తడబడింది తోమే దగ్గర. సామాను ఉచితంగా ఇచ్చాము గాని తోమే మనిషిని చూడలేదు. అర్ధరాత్రి ఎంగిలి కంచాలన్నీ ఆ ఇంటి ఆడవాళ్ల మీద పడటంతో రెండోసారి ఎవరూ అడగలేదు. తరువాత తోమే ఆమె కూలి కలిపి అద్దె నిర్ణయించాము. ఉచితం పోయాకే గిరాకీ వచ్చింది, విచిత్రం! అడ్డాకు, మోదుగాకు విస్తళ్లు వాడతామన్నవారిని వారించకు. కాని ఆకు వెనుక ప్లాస్టిక్ పొర అతికించినవీ బజారులో అదే పేరుతో అమ్ముతారు కనుక తిప్పి చూసి కొనమను.

కరెంటు సంగతి తరువాత చేపట్టవచ్చు. పాత ఫ్యాను సుమారు 75 వాట్లు లాగితే తక్కువ కరెంటుతో తిరిగే కొత్తరకం బీఎల్‌డీసీ ఫ్యానుకు 30 వాట్లు చాలు. రోజుకు 15 గంటలు తిరిగే ఇంట్లో ఒక్క ఫ్యానుకే నెలకు 20 యూనిట్లు మిగులుతాయి. వెల ఎక్కువని వెనుకాడతారు కాబట్టి పదిళ్లవారు కలిసి బేరమాడి కొనేలా చూడు. ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను: నాలుగు ఏసీలున్న ఇంటిని వదిలి, ఒక్క ఫ్యానుతో గడిపే వాచ్‌మన్ కుటుంబానికి పొదుపు బోధించవద్దు. మా సభ్యురాలొకరు ఆ పని చేయగా నేను తలవంచుకున్నాను.

కార్తీక వనభోజనాలకు ఇంకా రెండు నెలలు గడువుంది గనుక చందాలు ఇప్పుడే మొదలుపెట్టు. ప్రతి కంచం మీద సంఘం పేరు కొట్టించు. వంటవాళ్ల సామానులో కలిస్తే మళ్లీ ఏరుకోలేవు. మా పాత లెక్కల పుస్తకం పంపుతున్నాను, అందులో గ్లాసులు పోయిన పేజీలు ముందు చదువు.

ఇట్లు,
పెద్దమ్మ