రూమ్మేట్ సంగతి ఒక్క వాక్యంలో తేల్చేశారు

ప్రశ్న: మాది ఖమ్మం. అమ్మాయి హైదరాబాద్‌లో బీఏ సైకాలజీ రెండో సంవత్సరం. ఘోరాలు చూసి మనసు దెబ్బతిన్నవాళ్లకు సాయం చేసే ట్రామా కౌన్సెలర్ అవుతానంటోంది. ఆరు నెలల ఆన్‌లైన్ సర్టిఫికెట్ కోర్సుకి 40 వేలు కట్టమంటోంది. అది చేయించాలా? లేక ఎంఎస్సీ సైకాలజీనా, సోషల్ వర్క్‌లో పీజీ ఎంఎస్‌డబ్ల్యూనా? రోజంతా ఏడ్చేవాళ్ల మధ్య కూర్చుంటే పిల్ల మనసు పాడవదా? సంబంధాలు చూసేటప్పుడు ఏం చెప్పుకోవాలి? ఇంటర్‌లో రూమ్మేట్ చనిపోయిన దగ్గర్నుంచీ దీనికి ఈ పిచ్చి పట్టింది.

జవాబు: సార్, ఫీజు గురించి రాశారు, కోర్సుల గురించి రాశారు, సంబంధాల గురించి కూడా రాశారు. చనిపోయిన ఆ పిల్ల గురించి ఒక్క వాక్యం, అదీ చిట్టచివర. నాకు వచ్చే ఉత్తరాల్లో అసలు సంగతి చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.

అప్పుడు మీ అమ్మాయి ఏం చూసిందో, ఎవరితో చెప్పుకుందో మీకు తెలుసా? చాలా ఇళ్లలో ఏం జరుగుతుందో నేను చూశాను. కాలేజీ మార్పిస్తారు. ‘అవన్నీ మర్చిపో, పరీక్షలు దగ్గర పడుతున్నాయి’ అంటారు. ఇంట్లో ఇక ఆ ఊసెత్తరు. మీ ఇంట్లోనూ అదే జరిగి ఉంటే, తనకు దొరకని మనిషి తానే అవుదామనుకుంటోందేమో మీ అమ్మాయి. దాన్ని పిచ్చి అనకండి. కోపంగానే అంటున్నాను, ఏమనుకోకండి.

దెబ్బ తిన్నవాళ్లు ఈ పనికి పనికిరారని కాదు, చాలామంది మంచి కౌన్సెలర్లు అలా వచ్చినవాళ్లే. కానీ దెబ్బ తినడమే అర్హత కూడా కాదు. కాబట్టి ముందు తనే ఒక కౌన్సెలర్ ఎదురుగా కూర్చుని ఆ సంగతి మాట్లాడుకోవాలి. వాళ్ల కాలేజీలో ఎవరూ లేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416 ఉంది. ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులేమీ అక్కర్లేదు.

ఇక ఆ 40 వేల కోర్సు. మొన్నమొన్నటిదాకా ట్రామా అంటే మనకు ఆసుపత్రిలో యాక్సిడెంట్ కేసుల వార్డు. ఇప్పుడు ఫోన్ తెరిస్తే చాలు, ప్రతి మూడో మనిషీ ట్రామా కోచే. ఒకసారి ఓ సంస్థలో ఇలాంటి సర్టిఫికెట్ తెచ్చుకున్న అమ్మాయి పని చేస్తుంటే పక్కన కూర్చున్నాను. ఎదురుగా భర్త చేతిలో దెబ్బలు తిని వచ్చిన ఆవిడ. ‘ఆ రోజు రాత్రి ఏం జరిగిందో మొదటి నుంచీ చెప్పండి’ అంది మన అమ్మాయి, చేతిలో ఫారం పట్టుకుని. ఆవిడ కొంగు చివర వేలికి చుట్టుకుంటూ పోయింది. వేలి కొస తెల్లబడింది. చూపు ఫ్యాన్ మీదే. అమ్మాయి ఫారం చూస్తూ రెండో ప్రశ్న వేసింది. పాపం తన తప్పేముంది? ఎదుటి మనిషి చేతిని చూడమని ఆన్‌లైన్‌లో ఎవరు నేర్పుతారు?

ఘోరం జరిగిన వెంటనే మనిషిని కూర్చోబెట్టి అంతా చెప్పించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. ముందు భద్రత, నీళ్లు, తిండి, సొంతవాళ్లకు ఓ ఫోన్. చెప్పాలనిపిస్తే వినడం, లేదంటే ఊరుకోవడం. తర్వాత కూడా అందరికీ థెరపీ అవసరం పడదు. చాలామంది నెమ్మదిగా తేరుకుంటారు. ఎవరు తేరుకోవడం లేదో కనిపెట్టడమే చదువు. ఆ చదువు ఒకరి పర్యవేక్షణలో, నిజమైన మనుషుల మధ్య చేయాలి. సైకాలజీ డిగ్రీలను ఆన్‌లైన్‌లో, దూరవిద్యలో నడపొద్దని ఉన్నత విద్యను నియంత్రించే యూజీసీ 2025లో యూనివర్సిటీలకే చెప్పింది. ఆరు నెలల వీడియోల సంగతి మీరే ఆలోచించండి.

పోలిక అడిగారు కదా, అది పెద్ద చిక్కేం కాదు. మనిషితో గదిలో కూర్చుని పని చేయాలనుకుంటే ఎంఎస్సీ సైకాలజీ. కోర్టు, పోలీసు, హాస్టలు, ఇల్లు అన్నీ తిరిగి సాయం అందించాలనుకుంటే ఎంఎస్‌డబ్ల్యూ. హింసకు గురైన ఆడవాళ్లకు సాయం చేసే సఖి, భరోసా లాంటి కేంద్రాల్లో రెండు రకాల వాళ్లూ కనిపిస్తారు. క్లినికల్ సైకాలజిస్ట్ అనిపించుకోవాలంటే మాత్రం కేంద్ర ప్రభుత్వ సంస్థ రిహాబిలిటేషన్ కౌన్సిల్ (ఆర్‌సీఐ) గుర్తించిన కోర్సు, అక్కడ రిజిస్ట్రేషన్ తప్పవు. ఇన్నాళ్లూ అందరూ వెళ్లిన ఎంఫిల్ దారికి యూజీసీ 2025-26 ప్రవేశాల వరకే గడువిచ్చింది, కొత్త కోర్సుల పేర్లు వేరు. డబ్బు కట్టే ముందు ఆర్‌సీఐ జాబితాలో ఆ కాలేజీ పేరు మీ కళ్లతో చూసుకోండి. జీతాలు మీరు మురిసిపోయేలా ఉండవు, మొదట్లో కాంట్రాక్టు ఉద్యోగాలే ఎక్కువ.

పిల్ల మనసు పాడవుతుందన్న భయం ఉత్తిదేం కాదు. ఒంటరిగా, రోజుకు పదిమంది గోడు వింటే ఎవరికైనా నిద్ర పట్టదు. అందుకే సీనియర్‌కి వారం వారం కేసులు చెప్పుకునే పద్ధతి ఉంది, దాన్ని సూపర్‌విజన్ అంటారు. ఉద్యోగంలో చేరేటప్పుడు జీతం కంటే ముందు అది ఉందో లేదో అడగమనండి. అది ఉన్నచోట ఇరవై ఏళ్లుగా ఈ పనిలో ఉంటూ పిల్లాపాపలతో హాయిగా నవ్వుతూ తిరిగేవాళ్లు నాకు తెలుసు. సంబంధాల సంగతంటారా, నర్సుల విషయంలో ఒకప్పుడు ఇలాగే అనేవాళ్లు. అమ్మాయి డిగ్రీ కూడా అవలేదు, ఆ టెన్షన్ ఇప్పుడెందుకండీ?

ఆ రూమ్మేట్ పేరు మీకు గుర్తుందా? గుర్తులేకపోతే అమ్మాయి సెలవులకు ఇంటికొచ్చినప్పుడు అడగండి. సలహాలివ్వకుండా, చెప్పినంత వినండి. ఏడిస్తే ఏడవనివ్వండి, మీరు లేచి వెళ్లిపోకండి. కోర్సుల సంగతి ఆ తర్వాత ఇద్దరూ కలిసి మాట్లాడుకోవచ్చు. 40 వేలు అప్పటిదాకా బ్యాంకులోనే ఉంటాయి.