అత్తమ్మ ఏ చందమామను చూసి ఒక్కపొద్దు విడవాలి?

ప్రశ్న: సార్, భూమికి రెండో చందమామ దొరికిందని, 2083 దాకా మన చుట్టే తిరుగుతుందని వాట్సాప్‌లో వచ్చింది. మా అత్తమ్మ సంకటహర చతుర్థి నాడు చందమామను చూశాకే ఒక్కపొద్దు విడుస్తుంది. "ఇగ రెండిట్ల దేన్ని చూడాలె?" అని అడుగుతోంది. ఐదో తరగతి చదివే మా బాబుకేమో అది మీద పడుతుందేమోనని టెన్షన్. అసలు సంగతి చెప్పగలరు.
– ఒక గృహిణి, మెట్‌పల్లి

జవాబు: అమ్మా, అత్తమ్మగారు ఇన్నేళ్లుగా చూస్తున్న చందమామనే చూడమనండి. ఆ రెండోది ఎంత వెతికినా కంటికి ఆనదు. అది 20 మీటర్ల రాయి, అంటే ఆరంతస్తుల మేడ ఎత్తు. మన చందమామ అడ్డుకొలత 3,474 కిలోమీటర్లు. ఆ 20 కూడా ఉజ్జాయింపే. అంత దూరాన చుక్కలా ఉన్న రాయిని దాని వెలుగును బట్టే లెక్క కడతారు. రాయి నలుపైతే సైజు పెరుగుతుంది, తెలుపైతే తగ్గుతుంది.

దాని పేరు 2025 పీఎన్7. నోరు తిరగకపోయినా ఈ పేరులో ఒక జాతకం ఉంది. 2025లో, ఆగస్టు మొదటి సగంలో (దానికి గుర్తు 'పీ'), ఆ పదిహేను రోజుల వరుసలో 188వదిగా నమోదైందని అర్థం. హవాయి దీవుల్లో హాలియాకాలా కొండ మీదున్న పాన్-స్టార్స్ టెలిస్కోపు దాన్ని పట్టింది. ఆ టెలిస్కోపు అద్దం వెడల్పు 1.8 మీటర్లు.

ఇక అది మన చుట్టూ తిరుగుతుందన్న మాట. ఇక్కడే నాకు పేచీ. అది తిరిగేది సూర్యుడి చుట్టూ. అయినా మనకు మన చుట్టూ తిరుగుతున్నట్టే కనిపిస్తుంది. ఇంటర్ పిల్లలకు ఈ సంగతి బోర్డు మీద ఎన్ని బొమ్మలు గీసి చెప్పినా ఎక్కేది కాదు. నాకు అది బాగా అర్థమైంది హనుమకొండ పద్మాక్షి గుట్ట దగ్గర, ఒక సద్దుల బతుకమ్మ నాడు.

గుట్ట మెట్ల మీద కూర్చుని చూస్తున్నాను. నడుమ బతుకమ్మలు, చుట్టూ ఆడవాళ్లు చప్పట్లు చరుస్తూ తిరుగుతున్నారు. వలయంలో మా ఆవిడ ఒకే తీరుగా అడుగులేస్తోంది. మా చిన్నది అప్పుడు ఆరేళ్లది, కుదురుగా ఉండదు. కాసేపు లోపలికి, పూల దగ్గరికి పోతుంది. అక్కడ చుట్టు చిన్నది, అడుగు కూడా చురుకు, కాబట్టి అమ్మను దాటి ముందుకు పోతుంది. తరువాత వలయం బయటికి వస్తుంది. అక్కడ చుట్టు పెద్దది, నడకా నెమ్మది, వెనకబడుతుంది. మళ్లీ లోపలికి. ఇద్దరూ తిరుగుతున్నది బతుకమ్మ చుట్టూనే. కానీ మా ఆవిడను అడిగితే, "పిల్ల నా చుట్టూనే తిరిగింది, ఓసారి పూల వైపు, ఓసారి ముందు, ఓసారి బయట, ఓసారి వెనక" అంటుంది. ఆమె కూడా అబద్ధం చెప్పడం లేదు కదా!

బతుకమ్మ సూర్యుడు, మా ఆవిడ భూమి, చిన్నది ఆ రాయి. సూర్యుడికి దగ్గరైనప్పుడు రాయి వేగం పెరిగి మనల్ని దాటుతుంది, దూరమైనప్పుడు మందగించి వెనకబడుతుంది. దాని ఏడాది మన ఏడాదికి దాదాపు సమానం కాబట్టే ఈ జత కుదిరింది. భూమి పట్టు సూర్యుడిని మించి చెల్లేది సుమారు 15 లక్షల కిలోమీటర్ల లోపలే. ఈ రాయి బాగా దగ్గరికి వచ్చినప్పుడు కూడా 40 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉంటుంది, చందమామ కన్నా పది రెట్లు ఎడంగా. అయితే ఆ దూరం నుంచి కూడా భూమి దాన్ని కొంచెం లాగుతుంది. ఆ చిన్న లాగుడే ఇన్నాళ్లూ అడుగు తప్పనివ్వలేదు. 2083 ప్రాంతంలో తప్పుతుంది, అప్పుడది మెల్లగా మనకు దూరమవుతుంది.

ఇది కొత్తగా వచ్చింది కూడా కాదు. 1960ల నాటికే ఇలా మన తోడు నడుస్తోందని లెక్కలు చెబుతున్నాయి. మనం చూడలేదంతే. ఇలాగే మన తోడు నడిచే రాళ్లలో దీనికన్నా పెద్దది కమోఓఅలేవా, 2016లో దొరికింది. దాని కాంతి చంద్రశిలల కాంతిని పోలి ఉంది. ఏనాడో చందమామకు దెబ్బ తగిలి ఎగిరిన ముక్క అయ్యుండొచ్చని శాస్త్రవేత్తల అనుమానం. దాని మట్టి తెచ్చేందుకే 2025 మేలో చైనా తియాన్‌వెన్-2 నౌకను పంపింది. ఆ మట్టి కోసం నేను చాలా ఆశగా ఎదురుచూస్తున్నాను.

పంచాంగం, పున్నమి, అమావాస్య, గ్రహణాలు వీసమెత్తు మారవు.

బాబు భయాన్ని మాత్రం కొట్టిపారేయకండి. 2013 ఫిబ్రవరి 15న రష్యాలోని చెల్యాబిన్‌స్క్ మీద పేలింది ఇంచుమించు ఇదే సైజు రాయి. అద్దాలు పగిలి దాదాపు 1,500 మంది గాయపడ్డారు. సూర్యుడి వైపు నుంచి వచ్చింది కాబట్టి ముందుగా ఎవరికీ కనిపించలేదు. పీఎన్7 అలా కాదు, దొరికింది, దాని దారి లెక్కకు అందింది. ఆ దారి మన మీదికి లేదని బాబుకు చెప్పండి.

ఈసారి సద్దుల నాడు బాబును డాబా ఎక్కించి, ఆటలో ఉన్న ఒక చిన్నపిల్ల చేతికి సెల్‌ఫోన్ లైటు ఇవ్వండి. వాళ్లమ్మ చుట్టూ ఆ వెలుగు ఎలా తిరిగిందో కాగితం మీద గీసి, నాకు పంపమనండి.