పడవ జాడ చెప్పే పరికరంతో కెరీర్ ఉంటుందా?

ప్రశ్న: కాకినాడలో పాలిటెక్నిక్ ఈసీఈ చివరి ఏడాది చదువుతున్నాను. నాన్న వేటకు వెళ్లే ఫైబర్ బోటు కోసం నియో-6ఎం జీపీఎస్, సిమ్800ఎల్ (మొబైల్ నెట్‌వర్క్ మాడ్యూల్), ఈఎస్‌పీ32 (వాటిని నడిపే కంట్రోలర్ బోర్డు)లతో ట్రాకర్ తయారుచేశాను. సమాచారం పంపేటప్పుడు బోర్డు రీసెట్ అవుతోంది, బ్యాటరీ ఒక్కరోజు కూడా రావడం లేదు. ఈ పనికి ఉద్యోగావకాశాలు ఉంటాయా?

జవాబు: తప్పకుండా ఉంటాయి. పైగా మీరు ఆగిపోయిన చోటే ఎంబెడెడ్ ఇంజినీరు (పరికరాల్లో ఇమిడే చిన్న కంప్యూటర్లను రూపొందించేవారు) అసలు పని మొదలవుతుంది. సిమ్800ఎల్ టవరుకు సమాచారం పంపే క్షణంలో 2 ఆంపియర్ల వరకు కరెంటు తీసుకుంటుంది. సన్నని తీగలు, చిన్న రెగ్యులేటర్ దాన్ని అందించలేకపోతే వోల్టేజి పడిపోయి బోర్డు రీసెట్ అవుతుంది. బోటులో 12 వోల్టుల బ్యాటరీ ఉంటే, ఫ్యూజు పెట్టి, 3 ఆంపియర్ల బక్ కన్వర్టర్‌తో (వోల్టేజి తగ్గించే సర్క్యూట్) 4 వోల్టులకు తగ్గించి, మాడ్యూల్ పక్కనే 1000 మైక్రోఫారడ్ల కెపాసిటర్ కలపండి. బ్యాటరీ విషయంలో మాత్రం పెద్దది కొనే ముందు లెక్క వేయండి. పరికరం ఆగకుండా సగటున 150 మిల్లీఆంపియర్లు వాడితే 3000 ఎంఏహెచ్ సెల్ 20 గంటలకే అయిపోతుంది. పది నిమిషాలకొకసారి ఒక్క నిమిషం మేల్కొని, మిగతా సమయం డీప్ స్లీప్‌లో (దాదాపు కరెంటు వాడని నిద్రావస్థలో) ఉంటే, అదే సెల్ లెక్క ప్రకారం వారానికి పైగా రావాలి. ఆచరణలో అంత రాకపోతే, మిగిలిన కరెంటు ఏ భాగం తింటోందో మల్టీమీటర్‌తో కొలిచి రాసి పెట్టుకోండి. ఇంటర్వ్యూలో ఆ కొలతల పుస్తకానికి సర్టిఫికెట్ల కంటే ఎక్కువ విలువ ఉంటుందని నా గట్టి నమ్మకం.

అయితే తీరం దాటి కొంత దూరం పోయాక మొబైల్ సిగ్నల్ ఉండదు కనుక, నాన్నగారి భద్రతను ఈ పరికరం మీద వదిలేయవద్దు. సిగ్నల్ లేనప్పుడు స్థానాలను మెమరీ కార్డులో దాచి, తిరిగి అందగానే పంపేలా ప్రోగ్రాం రాయండి. విదేశీ ఉపగ్రహ ట్రాకర్లను మాత్రం అనుమతి లేకుండా వాడితే చట్టపరమైన చిక్కులు వస్తాయి. లక్ష చేపల పడవలకు ఇస్రో పరిజ్ఞానంతో తయారైన ట్రాన్స్‌పాండర్లు (ఉపగ్రహం ద్వారా పడవ జాడ, సందేశాలు పంపే పరికరాలు) అమర్చే కేంద్ర పథకం 2024లో ప్రారంభమైంది. నాన్నగారి బోటుకు అది వస్తుందేమో మత్స్యశాఖ కార్యాలయంలో అడగండి.

చదువు విషయానికొస్తే, ఈసెట్ (డిప్లొమా విద్యార్థుల ప్రవేశ పరీక్ష) రాసి బీటెక్ ఈసీఈ రెండో సంవత్సరంలో చేరడం మీకు సరైన దారి. సీ భాష, పీసీబీ (సర్క్యూట్ బోర్డు) డిజైన్, ఆర్‌ఎఫ్ (రేడియో తరంగాల సాంకేతికత) మీద పట్టు సాధించండి. ఇంటి పరిస్థితుల వల్ల వెంటనే ఉద్యోగం కావాలంటే, ప్రథమ శ్రేణి డిప్లొమాతో ఇస్రో టెక్నికల్ అసిస్టెంట్ పోస్టులకు దరఖాస్తు చేయవచ్చు.